ఒక్కసారి కూడా ఆగని బండి

"నాకు కొత్త బండి వద్దు సార్. డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఈ బండి దారిలో ఆగిపోతోందని మా ఆవిడతో ఒక్క మాట చెప్పండి, చాలు. జన్మంతా మీ పేరు చెప్పుకుంటాను."

డ్రాయింగు మాస్టారు అలా చేతులు జోడించేసరికి సర్వీసు మేనేజరు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. అద్దాల తలుపు అవతల బెంచీ మీద మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల సంచీ. బండిది తప్పో మొగుడిది తప్పో ఇవాళ ఇక్కడే తేలాలనీ, తప్పు మొగుడిదే అని తేలితే అటునుంచి అటే అన్నగారింటికి పోతాననీ చెప్పి మరీ బయల్దేరింది. అన్నంత పనీ చేసే మనిషి.

"ఇంతకీ ఆవిడ ఏమంటున్నారు?" అన్నాడు మేనేజరు.

"ఏమంటుంది! అంత ఖరీదు పెట్టి కొన్న బండి రోజూ ఆగిపోతుందంటే నమ్మడానికి నేనేమైనా నిన్న పుట్టానా అంటుంది. బండి పేరు చెప్పి పేకాటకి పోతున్నానట. నాకు పేక కలపడం కూడా రాదు సార్!"

"మా వాళ్ళు చూశారు కదా మాస్టారూ. బండి భేషుగ్గా ఉందన్నారు."

"మీ నున్నటి గచ్చు మీద ఎందుకు ఆగుతుంది? వంతెన కింద గతుకుల్లో నడిపి చూడండి. కొన్న వారానికే సైలెన్సరు బోల్టు ఊడి రోడ్డు మీద పడింది. పక్క రేకు గడగడలాడుతూనే ఉంటుంది. సీటు కింద వైర్లయితే అసలు బిగించనే లేదు. గతుకు తగిలితే చాలు, ఇంజను గుటుక్కుమంటుంది. ఫ్యాక్టరీలో ఎవరో నిద్రమొహంతో బిగించి పంపేశారు సార్."

"పోనీ ఆ వైర్లు బిగిస్తారా" అని కూడా అడిగారు మాస్టారు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"బిగిస్తే ఒప్పుకున్నట్టే కదండీ." గొంతు బాగా తగ్గించాడు. "లోపం అన్న మాట మా నోట రాకూడదు. పైనుంచి ఆర్డరు. ఇవాళ మీ దగ్గర ఒప్పుకుంటే రేపు ఊరు ఊరంతా బండ్లు తోసుకొచ్చి మా గేటు ముందు నిలబెడుతుంది. నా ఉద్యోగం గోవిందా."

"నా కాపురం గోవిందా అయితే ఫర్వాలేదా?"

మేనేజరు జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. మాస్టారి భార్య సంచీతో సహా లోపలికొచ్చింది. ఆవిడకి సొంత టైలరింగు షాపు ఉంది. మాట కూడా కొలత పెట్టి కత్తిరించినట్టే ఉంటుంది.

"సార్, నాకు బండ్ల సంగతి తెలీదు. నేను కుట్టిన చొక్కా వారానికే ఊడిపోయిందని ఎవరన్నా వస్తే, తప్పు నాదన్నా అయ్యుండాలి, వాళ్ళు అబద్ధమన్నా ఆడుండాలి. మీ కుట్టు సంగతి మీరే చెప్పండి. ఈ బండి ఆగుతుందా, ఆగదా?"

మేనేజరు మాస్టారి వంక చూశాడు. గోడ మీద మెరిసిపోతున్న కంపెనీ బొమ్మ వంక చూశాడు. ఉద్యోగమే గెలిచింది.

"ఆగదు మేడమ్. నేను నడిపేదీ ఇదే బండి. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆగలేదు."

"నిజంగా?"

"మా పిల్లల మీద ఒట్టు."

మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకి కాస్త ధైర్యంగా ఉండేది.

"విన్నారుగా. నేను వెళ్ళొస్తానండీ," అని సంచీ భుజానికి తగిలించుకుంది.

సరిగ్గా అప్పుడు మేనేజరు ఫోను మోగింది. చెవికి ఆనించుకున్నాడే గానీ, అవతల వాళ్ళావిడ గొంతు గది అంతటికీ వినిపించింది.

"ఇవాళ కూడా లేటవుతుందని మెసేజి పెట్టారేంటి? సాయంత్రం బండి ఆగిపోతుందని పొద్దున్నే తెలిసిపోయిందా? నిన్నా బండే, మొన్నా బండే! అంత ఖరీదైన బండి రోజూ ఆగిపోతుందంటే నమ్మడానికి నేనేమైనా నిన్న పుట్టానా?"

మాస్టారి భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తన మాటలే ఇంకో ఆడమనిషి నోట వింటుంటే ఆవిడకి ఎలాగో అయింది.

మేనేజరు గోడ వైపు తిరిగి గుసగుసలాడాడు. "నిజమేనే తల్లీ. నిన్న వంతెన కిందే ఆగింది. సీటు కింద వైర్లు ఊడొచ్చాయి. ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాను, నా చొక్కా చూశావుగా! ఎలా చెప్తే నమ్ముతావే?"

మాస్టారి భార్య భర్త వంక చూసింది. ఆయన చొక్కా కాలరు కూడా చెమట ఎండి చారలు కట్టి ఉంది. భుజాన ఉన్న సంచీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది బండికి తగిలించండి. మనింటికే వెళ్దాం. దారిలో ఆగితే ఇద్దరం తోద్దాం."

మాస్టారు సంచీని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

ఆవిడ మేనేజరు వైపు చెయ్యి చాపింది. "ఫోను ఒకసారి ఇలా ఇస్తారా? మీ ఆవిడతో నేను మాట్లాడతాను."

మేనేజరుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మీరన్నా చెప్పండి మేడమ్! మీకు పుణ్యముంటుంది. ఆడవాళ్ళు చెప్తేనే నమ్ముతుంది," అంటూ రెండు చేతులతో ఫోను అందించాడు.

ఆవిడ చాలా నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అంది:

"వదినగారూ, నేను మీవారి ఆఫీసు నుంచే మాట్లాడుతున్నానండీ. ఆయన బండి ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆగలేదట. ఇప్పుడే మీ పిల్లల మీద ఒట్టేసి మరీ చెప్పారు."