జేబులో ఫ్యూజు

"బావా, కారు తియ్యి, బేగి! పెద్దాసుపత్రికి ఎల్లాల."

బండికి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా గుమ్మంలోకొచ్చి పడ్డాడు గోవింద్. గణపతిరావుకు ఒళ్ళు మండింది. మళ్ళీ ముసలిదే! పక్కూళ్ళో ఉన్న అత్తగారు తాతమ్మకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఈ బావమరిది ఇలాగే ఊడిపడతాడు. నాలుగు రోజులుగా పెళ్ళాం పద్మకుమారి అక్కడే ఉండి ఆవిడకు సేవలు చేస్తోంది. ఇక్కడ తను చేతులు కాల్చుకుంటున్నాడు. అది చాలక కారు కూడానా?

"అది కారేట్రా? సక్రాలున్న రేకు డబ్బా. నిన్న కూడా నడిరోడ్డు మీద ఆగిపోనాది."

"ఒక్కపాలి తిప్పి సూడు బావా. నువ్వూ రా..."

"నేనెందుకు? ఎనకమాల్న తొయ్యడానికా?"

గోవింద్ ఏదో చెప్పబోయి, బావ మొహం చూసి మింగేశాడు. "గాబరా ఏటీ నేదు. మనోళ్ళకి కూసింత ఒంట్లో బాగోనేదు, అంతే" అన్నాడు. గుండెకు స్టెంటు పడ్డాక అందరూ గణపతిరావుతో ఇలా నాన్చి నాన్చే మాట్లాడుతున్నారు.

గణపతిరావు తాళం తిప్పాడు. కిర్... కిర్... కిర్. ఇంజను దగ్గిందే గాని అందుకోలేదు.

"సూసినావా? సవగ్గా వస్తాదని కొన్నాను సూడు, నా సెప్పుతో నన్నే కొట్టాల! ఏసీ ఏస్తే మిట్ట ఎక్కదు. గేరు పడితే పడతాది, నేకపోతే నేదు. వానొస్తే కాళ్ళ కాడ నీళ్ళు. కంపెనీవోడికి సెప్తే, అన్ని బళ్ళూ అంతే సార్ అంటాడు."

ఇవన్నీ ఎవరెవరో కార్ల ఓనర్లు ఫోను వీడియోల్లో తిట్టుకున్న తిట్లు. గణపతిరావు కంఠతా పట్టాడు. తన కారు మాత్రం కొన్న మూడేళ్ళలో ఒక్కనాడూ ఆగలేదు. ఆగకపోవడమే దాని తప్పు. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరింటికి పెళ్ళివారొచ్చినా జనం కళ్ళు దాని మీదే. అందుకే ఇంజనుకు పెట్రోలు అందించే పంపు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని తిరుగుతాడు. గోరంత ముక్క. దాంతో చుట్టాలందరి నోళ్ళూ మూయించాడు.

"అంబులెన్సు ఎక్కడో దూరాన ఉన్నాదంట బావా. ఇంకోపాలి..."

"నమ్మకం నేకపోతే నువ్వే తిప్పుకో!"

గోవింద్ తిప్పాడు. మూడుసార్లు. తాళం సీటు మీద పెట్టేసి, "ఎర్రన్న ఆటో ఎటు ఎల్లిపోనాదో, ఎతకాల" అంటూ బండెక్కాడు. కదలబోతూ వెనక్కి తిరిగి, "బావా, నీ మాత్తరేసుకో" అన్నాడు.

బండి చప్పుడు వీధి మలుపులో కలిసిపోయే దాకా ఆగి, గణపతిరావు ఫ్యూజు తీసి దాని చోట్లో నొక్కాడు. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజను అందుకుంది.

ముసలిది ఆసుపత్రిలో పడితే పద్మ ఇప్పట్లో రాదు. కళింగపట్నం వెళ్ళి నాలుగు చేపలైనా తెచ్చుకోవాలి. ఏసీ వేసుకుని, పక్కూరి వైపు కాకుండా సముద్రం దారి పట్టాడు. కారు మిట్ట ఎక్కింది. గేర్లు అడక్కముందే పడ్డాయి. వంకపెట్టడానికి ఏమీ లేదు.

ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక ఫోను మోగింది.

"అల్లుడు బాబూ, నేను..."

తాతమ్మ గొంతు! ఆయాసం లేదు, ఏడుపు ఉంది. గణపతిరావు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"కారు బయలెల్లినాదా బాబూ? ఎర్రన్న ఆటో తెస్తే పద్మే తిప్పి పంపేసినాది. మా కారు ఒక్కనాడూ ఆగనేదమ్మా, ఆయనొచ్చేస్తాడు, అన్నాది... ఇప్పుడు ఎంత పిలిసినా పలకట్నేదు."