డప్పు ధర

"ఏం పని చేసినవ్ నాయినా!"

హాస్టల్ వెనక ఎండుటాకుల మంట దగ్గర నా కొత్త డప్పు ముడుచుకుపోయి ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు జరిగే తెలంగాణ సభలో వాయించాలని పొద్దున్నే తార్నాకలో కొన్నాను. నేను వాయిస్తుంటే చూడాలని ఊరి నుంచి వచ్చిన నాయిన, తోలు డప్పును వేడి చేసినట్టే దాన్నీ మంటకు పట్టాడు.

"కాపకుంటె డప్పు మోగుతదా బిడ్డా?"

"ఇది తోలు కాదు, ప్లాస్టిక్! ఎనిమిది నూర్లు పోసి కొన్న. ఇంకో గంటల సభ. ఇప్పుడు నా తలకాయ వాయించాల్నా?"

"ఎనిమిది నూర్లా! మీ తాత తన డప్పుకు ఒక్క పైస పెట్టలే."

"గా కాలమే మంచిగుండె. అన్నీ ఫుకట్‌ల వస్తుండె," అన్నాను ఎగతాళిగా.

నాయిన చేతిలోని కట్టెను విసిరికొట్టాడు.

"ఫుకట్‌లనా? దొర ఎద్దు సస్తె తోలు మనకిచ్చెటోడు. గా ఒక్క తోలుకు, దొర ఎప్పుడు పిలిస్తె అప్పుడు పోయి కొట్టాలె. మీ నాయినమ్మ పీనుగ ఇంట్ల ఉండంగ, మీ తాత దొర బిడ్డ పెండ్లిల కొట్టిండు. రానంటె డప్పు గుంజుకుందురు. గది ఫుకటా?"

నాయినమ్మ జ్వరంతో పోయిందని తెలుసు. ఆ రోజు తాత ఎక్కడున్నాడో నాకెవరూ చెప్పలేదు.

నాయిన కోపం ఇంకా దిగలేదు. "పైసలు పోసి కొన్నదానికి గట్ల ఎవరన్న పిలుస్తరా నిన్ను?"

"ఎందుకు పిలుస్తరు నాయినా? అది నాది గద."

"ఇంకొకపారి చెప్పు."

"నాది."

నాయిన బనీను జేబులోంచి మడిచిన నోట్లు తీశాడు.

"నడువ్, గా దుకాణం ఏడున్నదో చూపెట్టు. ఇంకోటి కొందాం. రసీదు మీ తాత పేరు మీద రాయించు."