ఏడుగురు తండ్రులు

"శుక్రవారం మీ ఒకటో తరగతి పిల్లలంతా ఒమురాలీ తాత ముందు తమ ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పాలి. మీవాడితో సహా," అంది హెడ్మిస్ట్రెస్.

టీచరు సైకాల్ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

నాన్న, తాత, ముత్తాత... అలా ఏడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పలేని పిల్లవాణ్ణి ఆ కొండల్లో వేలెత్తి చూపిస్తారు. ఎవడికి పుట్టాడో అని గుసగుసలు పోతారు. పైగా వినేది ఒమురాలీ తాత. ఊరందరి వంశాలూ ఆయన నాలుక చివరే ఉంటాయి. పెళ్లి సంబంధమైనా, పచ్చిక బయళ్ల తగాదా అయినా ఆయన మాటకు తిరుగులేదు.

సైకాల్ ఆ ఊరి బడికి టీచరుగా వచ్చినప్పుడు చంకలో బిడ్డ ఉన్నాడు. తమది కొండల అవతల తలాస్ వైపనీ, మొగుడు పోయాడనీ చెప్పుకుంది. పోవడానికి అసలు మొగుడంటూ ఉంటే కదా. పట్నం ఆసుపత్రిలో ఎవరో వదిలేసి పోయిన పసిగుడ్డును తెచ్చుకుని పెంచుకుంటోంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ పిల్లవాడు ఎర్బోల్‌కి అసలే తెలియదు.

వాడు బడిలో అందరు పిల్లల్లాగే ఆమెను 'ఎజే' అని, అంటే అక్కా అని పిలవాలి. గేటు దాటాకే అమ్మ. ఆ సాయంత్రం గేటు దాటీ దాటకముందే చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నా తండ్రుల పేర్లు చెప్పు. నా పక్కన కూర్చునే అయ్‌జాన్‌కి అప్పుడే నలుగురి పేర్లు వచ్చేశాయి."

"రేపు చెబుతాలే."

"నీక్కూడా రావా?"

ఊరికే అడిగాడు పాపం. ఆమె మాత్రం నడక వేగం పెంచింది.

మంగళవారం తలనొప్పని తప్పించుకుంది. బుధవారం హెడ్మిస్ట్రెస్ దగ్గరకు వెళ్లి, పిల్లలు మరీ చిన్నవాళ్లు, వచ్చే ఏడు పెట్టుకుందామని నసిగింది. ఆవిడ నవ్వేసి, తాతకు కబురు వెళ్లిపోయిందనీ, పిండివంటలకు నూనె కూడా తెప్పించాననీ చెప్పింది. గురువారం ఇక దారి తోచక కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లు చల్లగా ఉంది.

"వేడిగా ఉంది నాన్నా. రేపు బడి మానెయ్."

"జ్వరం లేదమ్మా. మానేస్తే నాకు తండ్రుల్లేరంటారు."

ఆ మాటతో ఆమె పిండి పిసుకుతున్న చేతులు ఆగిపోయాయి. చివరికి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది. తిలెక్, సమ్సాలీ, బోరుబాయ్, కెరిమ్, జపార్, ఎసెన్, మొల్దో. నోటికొచ్చిన ప్రతివాడూ తండ్రయి కూర్చున్నాడు. ఎర్బోల్ ఎక్కాలు చదివినట్టు రాగం తీసి బట్టీపట్టాడు. వాడు హుషారుగా అప్పజెబుతున్న కొద్దీ ఆమెకు భయం పెరిగింది.

శుక్రవారం తాత తెల్ల టోపీతో వచ్చి పిల్లల ఎదురుగా కూర్చున్నాడు. ముందు అయ్‌జాన్ లేచి గడగడా చెప్పేసింది. తాత కళ్లు మూసుకునే అన్నాడు:

"ఐదోవాడు మీ తాతల్లోవాడు కాదే. నాలుగోవాడి బాబాయి. ఇంటికెళ్లి మీ నాన్నను నేర్చుకోమను."

పిల్ల బావురుమంది. సైకాల్ దాని కళ్లు తుడిచి కూర్చోబెట్టింది. ఈయన ముందా తన బోడి అబద్ధం నిలబడేది?

ఎర్బోల్ లేచాడు. ఒక్క పేరు కూడా తప్పకుండా ఏడూ చెప్పాడు. తాత కళ్లు తెరిచాడు.

"మీదెక్కడరా?"

వాడు తల్లి వంక చూశాడు. "తలాస్," అంది సైకాల్.

"తలాసా? పడుచుతనమంతా అక్కడే గొర్రెలు కాశాను." తాత గడ్డం నిమురుకున్నాడు. "ఆ బోరుబాయ్‌కి ఎడమకాలు కుంటి కదూ?"

తరగతి తరగతంతా ఆమెనే చూస్తోంది. ఔనంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలియలేదు.

"ఔను తాతా."

తాత వాణ్ణి దగ్గరకు లాక్కున్నాడు.

"పిల్లలూ, వీడి ముత్తాత చేతి రొట్టె తిన్నవాణ్ణి నేను. మంచు తుఫాన్లో నా మందను కాపాడిన మనిషి ఆయన. వీడి పుట్టుక గురించి ఎవరైనా నోరెత్తితే ముందు నా దగ్గరకు రమ్మనండి."

ఎర్బోల్ బడిలో ఎజే అనాలన్న సంగతే మరిచిపోయాడు. "అమ్మా, విన్నావా?" అని ఎగిరి గంతేశాడు. పిల్లలు గొల్లున నవ్వారు. సైకాల్‌కి నవ్వు రాలేదు. లేని మనిషిని ఈయన ఎక్కడ చూశాడు?

తాతను సాగనంపడానికి వెళ్లింది. గడ్డకట్టిన మంచు మీద ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మెల్లిగా నడిచాడు. గేటు దగ్గర ఆగాడు.

"బోరుబాయ్ అనేవాడు నాకెవడూ తెలియదమ్మాయ్. తలాస్ మొహం కూడా నేను చూడలేదు. ఆ కుంటికాలు నేనే తగిలించాను. నువ్వు ఔనన్నావు."

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాతా, మీకు దణ్ణం పెడతాను. వాడికి మాత్రం తెలియనివ్వకండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"నేనెందుకు చెబుతాను తల్లీ? యుద్ధం రోజుల్లో అనాథ పిల్లల్ని తెచ్చిన రైల్లోంచి నన్ను దించుకుని పెంచిన మా అమ్మ కూడా, నా ఏడుగుర్నీ ఇలాగే కల్పించింది."