రెండో ట్యూబు

ఉదయం పదకొండు గంటలకు మందుల షాపతను ఆమె చీటీలో ఉన్నది అందరికీ వినబడేలా చదివాడు.

అది ఆ షాపు పద్ధతి. అతను గల్లా దగ్గర కూర్చుని కేకేస్తాడు. లోపలి పనివాడు మందు తెచ్చిస్తాడు.

"ఆడవాళ్లు లోపల రాసుకునే క్రీము, ఒకటి!" అని ఆమె వైపు తిరిగాడు. "కోడలికాండీ?"

"నాకే."

"ఈ వయసులోనా? బాబాయిగారిని ఇకనైనా వదిలెయ్యరా పిన్నిగారూ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె బస్సు కండక్టరు. గొడవకొచ్చిన తాగుబోతుల్ని దారిలో దింపేసిన మనిషి. ఇక్కడ మాత్రం పర్సు తెరిచి డబ్బులు వెతకసాగింది.

ముట్లు ఆగాక ముందు నొప్పి వచ్చింది. తర్వాత నొప్పి వస్తుందన్న భయం. ఆ తర్వాత కోరికే రావడం మానేసింది. భర్త ఏమీ అడక్కుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ మంచితనానికే ఆమెకు ఒళ్లు మండేది.

"ముందు నొప్పి తగ్గనీ, మిగతాది అదే వస్తుంది" అని డాక్టరమ్మ ఈ మందు రాసిచ్చింది.

షాపులో బల్ల మీద కూర్చున్న ముసలావిడ లేచింది.

"ఆ మందు నాకు. నేనే తెమ్మన్నాను. ఇప్పుడు నవ్వు."

షాపతను తల దించుకున్నాడు.

కండక్టరు కోపం మాత్రం ముసలావిడ మీదికి మళ్లింది.

"మధ్యలో మీరెవరండీ? నాకు కావాలి, నేను కొనుక్కుంటున్నా. నా బదులు మీరు సిగ్గుపడక్కర్లేదు."

"నా సిగ్గు నీ గురించి కాదమ్మా" అంది ముసలావిడ.

కండక్టరు డబ్బులు గల్లా మీద విసిరి, ట్యూబు లాక్కుని వచ్చేసింది.

అది అయిపోయేనాటికి నొప్పి పోయింది. ఒక సాయంత్రం భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. వెనక నుంచి అతని మెడ చూసి ఆగిపోయింది. వెళ్లి చెయ్యి వేసింది.

"ఏమైంది?" అన్నాడు అతను కంగారుగా.

"ఏం కాలేదు. తొందరగా మొహం కడుక్కుని రా."

రెండో ట్యూబుకు అదే షాపుకెళ్లింది. చీటీ చూసి అతను కేకెయ్యలేదు. తనే లేచి లోపలికెళ్లి, కాగితంలో చుట్టి తెచ్చాడు.

బల్ల ఖాళీగా ఉంది.

"ఆ రోజు ఇక్కడ కూర్చున్నావిడ వస్తే చెప్పు, ఊరికే కసురుకున్నానని."

"రాదండీ."

"ఎవరావిడ?"

అతను చిల్లర లెక్కపెట్టి గల్లా మీద పెట్టాడు.

"మా అమ్మ. ఆ రోజే అక్క వాళ్లింటికి వెళ్లిపోయింది. నాతో మాట్లాడటం లేదు."