ముప్పయ్యో సంతకం

అమెరికాలో మాదొక చిన్న ఊరు. ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో ఇప్పుడు దాదాపు పాఠాలన్నీ యంత్రాలే చెబుతున్నాయి. మిగిలిన ఒకే ఒక్క మనిషి లెక్కల టీచరు డోరతీ. ఆమెను కూడా తీసేద్దామని స్కూల్ బోర్డు మీటింగు పెట్టింది. నేను ఊరుకుంటానా? మైకు లాక్కుని బల్ల గుద్దాను.

"మనుషుల పిల్లలకు మనుషులే చదువు చెప్పాలి! సిగ్గుండాలి మీకు!"

హాలంతా చప్పట్లు. నా మీద నాకే ముచ్చటేసింది.

బోర్డు పెద్దావిడ చల్లగా అంది: "రూలు తెలుసుగా? ఏడాదిలో ముప్పై మంది తల్లిదండ్రులు స్వయంగా వచ్చి టీచరును కలిసి సంతకం చేస్తే ఆమెను ఉంచుతాం. ఇరవై తొమ్మిది సంతకాలున్నాయి. మీరు కలిశారా, మిస్టర్ బోనంగి?"

"కలవకుండా ఉంటానా!"

నా కూతురు మేదిని నా చొక్కా పట్టి లాగింది. "నాన్నా, అరవకు. ఊళ్లో చాలామందిలాగే నువ్వూ నాలుగేళ్లుగా నీలా మాట్లాడే యంత్రాన్ని, నీ బదులుబొమ్మనేగా బడికి పంపావు!"

డోరతీ నన్ను పరీక్షగా చూసింది. "మీ బొమ్మ చాలా మంచివాడండీ. మేదిని దిగులుగా ఉందని ముందు కనిపెట్టింది వాడే. అసలు మనిషి ఇంత గట్టిగా అరుస్తారనుకోలేదు."

హాలు గొల్లుమంది. నేను మైకు దించాను.

పెద్దావిడ జాలిపడింది. "సోమవారం పొద్దున బడికి రండి. ఆమెతో పది నిమిషాలు కూర్చుని సంతకం చేయండి. ఉద్యోగం నిలుస్తుంది."

"సోమవారం యంత్రాలకు వ్యతిరేకంగా నా ఊరేగింపుందే," అన్నాను. ఆ వెంటనే, నాలుగేళ్ల అలవాటు కదా, నోరు దానంతటదే తెరుచుకుంది.

"పోనీ, నా బొమ్మను పంపనా?"