తెలియని లైను

"మీ చుట్టం మళ్ళీ వచ్చాడు మేడమ్" అన్నాడు ప్రోగ్రామర్, నవ్వాపుకుంటూ.

ఇన్‌చార్జి తల పట్టుకుంది.

భుజాన సంచితో ఆ పెద్దాయన అప్పటికే లోపలికి వచ్చి, గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

అది అంబులెన్సులకూ ఆసుపత్రులకూ మధ్య కబుర్లు చేరవేసే ఆఫీసు. రోగిని ఎక్కించుకోగానే అంబులెన్సు ఒక మెసేజ్ పంపుతుంది. పేరు, వయసు, రక్తం గ్రూపు, దెబ్బ ఎక్కడ... అందరూ ఒప్పుకున్న వరసలో ఒక్కో లైను. ఆఫీసు దాన్ని సరిచూసి ఆసుపత్రికి పంపుతుంది.

చిక్కల్లా కొత్త అంబులెన్సులతోనే. వాళ్ళు ఆ వరసలో లేని లైన్లు తగిలిస్తారు. ఒకరు 'పడని మందు' అంటారు, ఇంకొకరు 'చెవులు వినపడవు' అంటారు. అవేమిటో ఇక్కడి ప్రోగ్రాముకు తెలియదు. తెలియని లైను కనిపిస్తే కత్తిరించేలా ఇన్‌చార్జే రాయించింది. మెసేజ్ శుభ్రంగా ఉండాలి, అంతే. ఆ విషయంలో ఆవిడ మహా పట్టుదల మనిషి.

"అమ్మా, ఆ లైన్ల సంగతి..."

"బాబాయ్ గారూ, మొన్న చెప్పిందే ఇవాళా చెబుతున్నాను. అర్థం కానిది మేం పంపకూడదు. రేపేదైనా తేడా వస్తే నా మెడకు చుట్టుకుంటుంది."

"మీకు అర్థం కానక్కర్లేదమ్మా. అవతల డాక్టరుకు అర్థమైతే చాలు. పోస్టాయన ఉత్తరం తనకు అర్థం కాలేదని చింపేస్తాడా?"

"ఇవన్నీ మీకెవరు చెప్పారసలు?"

"అంబులెన్సులో పనిచేసే ఓ అమ్మాయి."

"మీది ఏ కంపెనీ? మాకు కొత్త సాఫ్ట్‌వేర్ అంటగట్టాలనేగా ఈ తిరుగుడంతా?"

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"కంపెనీ ఏమీ లేదమ్మా" అన్నాడు.

ఆమె నమ్మలేదు. లాభం లేకుండా ఎవరైనా ఇలా కాళ్ళరిగేలా తిరుగుతారా?

ఇక లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పింది. పెద్దాయన గొడవ చెయ్యలేదు. వచ్చి గేటు బయట ఎండలో నిలబడేవాడు. ఆమె స్కూటర్ కనిపిస్తే మాత్రం ఓ అడుగు ముందుకు వేసేవాడు.

"ఆ లైన్లమ్మా..."

వచ్చేపోయేవాళ్ళంతా అదో వింతలా చూస్తుంటే ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ఆ దిక్కుమాలిన లైన్లు ఉన్నవి ఉన్నట్టు పంపించెయ్యవయ్యా" అంది ప్రోగ్రామర్‌తో. "మెసేజ్ అడుగున వేరేగా పెట్టు. చదువుకునేవాళ్ళు చదువుకుంటారు. నాకీ పీడ విరగడైతే చాలు."

సాయంత్రం గేటు దగ్గర స్కూటర్ ఆపి, దిగకుండానే చెప్పింది.

"మీరడిగింది చేసేశాం. ఇక దయచెయ్యండి."

పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు.

"చల్లగా ఉండు తల్లీ."

'అబ్బో, కమీషన్ బాగానే ముట్టినట్టుంది' అనుకుంది ఆమె.

మళ్ళీ ఆయన రాలేదు. అమ్మయ్య అనుకుని మరిచిపోయింది కూడా.

కొన్నాళ్ళకు పక్కింటావిడ ఫోన్ చేసింది. అత్తగారు బాత్రూములో జారిపడ్డారట. అంబులెన్సులో తీసుకెళ్ళారట.

ఇన్‌చార్జి ఉన్నపళంగా పరిగెత్తింది. అత్తాకోడళ్ళకు కాఫీ దగ్గర మొదలైన గొడవ రాత్రి భోజనాలదాకా సాగుతుంది. అయినా ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో కోడలు ఊహించుకోలేకపోయింది.

సగం దారిలో గుర్తొచ్చింది. అత్తయ్యకు నొప్పి ఇంజెక్షన్ పడదు. ఒకసారి చావు తప్పి బయటపడింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆయాసపడుతూ వార్డులోకి వెళ్ళేసరికి అత్తగారు తుంటికి కట్టుతో పడుకుని ఉంది.

"వచ్చావా? గ్యాస్ కట్టేశారో లేదో చూశావా?" అంది నీరసంగా.

కోడలు ఏడ్చేసింది.

"అంబులెన్సులో అమ్మాయికి ఏదో చెప్పి స్పృహ తప్పారట" అన్నాడు డాక్టరు. "నేను ఇంజెక్షన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మెసేజ్ అడుగున 'పడని మందు' అని ఓ లైనుంది. అది చూసి ఆపేశాను. లేకపోతే ఈపాటికి మీకు ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు."

ఆమెకు గేటు బయట ఎండలో నిలబడ్డ మనిషి కళ్ళముందు మెదిలాడు.

"దానికోసం మా ఆఫీసు చుట్టూ ఓ పెద్దాయన తిరిగాడు డాక్టర్. సంచి వేసుకుని..."

"నాకు తెలుసమ్మా. ఆ లైన్లు తెరమీద కనిపించేలా పెట్టమని ఇక్కడికీ తిరిగాడు."

"ఎక్కడుంటాడు? కాళ్ళమీద పడి దండం పెట్టుకోవాలి."

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"అయ్యో! పోనీ, ఆయన కంపెనీ ఏదో చెబితే..."

డాక్టరు చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు.

"మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. తప్పు మీదేనని తెలిస్తే మీరు తప్పించుకునే దారి వెతుక్కుంటారట, పని జరగదట."

"ఏం తప్పు?"

"వాళ్ళావిడను ఇక్కడికే తెచ్చారమ్మా, పడని మందు లైను మీ ఆఫీసులో తెగిపోయింది, ఇంజెక్షన్ చేసింది నేను."