కిటికీ అవతలి ప్రశ్న

"ఏంది పాపా, ఆ పెట్టెలోకి అంతసేపు చూస్తన్నావు?"

బడి కంప్యూటర్ గది కిటికీ అవతల ప్లాస్టిక్ బిందెతో ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చీర మీద మగవాళ్ళ చొక్కా, వేళ్ళకు గుడ్డపీలికలు.

ఊరి రైతు బుల్లయ్య చేలో మిరపకోతలకని కనిగిరి వైపు నుంచి వచ్చి, బడి పక్క బీడులో గుడారాలేసుకున్న కూలీల్లో ఒకామె. పేరు అంకమ్మ. సాయంత్రాలు బడి కుళాయికి నీళ్ళకొస్తుంది.

"ప్రోగ్రాం రాశానక్కా," అంది షమా తలెత్తకుండానే.

తొమ్మిదో తరగతి షమాకు ప్రోగ్రాం రాయడం వచ్చు. నలుగురి ముందు చెప్పడమే రాదు.

గుంటూరులో బడిపిల్లల ప్రోగ్రాంల పోటీ పది రోజుల్లో ఉంది. కంప్యూటర్ చెప్పే మాధురి టీచర్ తేల్చేసింది.

"నోరు తెరిచి చెప్పగలిగితే నువ్వే చెప్పు. లేకపోతే నీ ప్రోగ్రాం గురించి ప్రభు చెబుతాడు."

ఆ మాట రెండు రోజులుగా షమాకు ముద్ద దిగనివ్వడం లేదు.

"దేనికది?" అంది అంకమ్మ.

"కోతకోతకీ ఎర్రకాయలెన్ని మూటలో, రంగు పోయిన తాలుకాయలెన్ని మూటలో కొడితే, తాలు నూటికెంతో చెబుతుంది."

"అర్థం కాలా. మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పింది.

మర్నాడూ అదే మాట. ఆ తర్వాతి రోజూ అదే.

"అంకమ్మక్క పాసైతేగానీ నువ్వు గుంటూరు బస్సెక్కేట్టు లేవే," అని క్లాసులో ప్రభు నవ్వాడు.

షమాకు ఉక్రోషం వచ్చింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర అనేసింది.

"చదువుకోనిదానివి, నీకెట్టా అర్థమవుద్దిలే అక్కా."

అంకమ్మ బిందెను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"అయితే చదువుకోనోళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పు."

షమా కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకొచ్చింది. ముందేం జరుగుతుందో, తర్వాతేం జరుగుతుందో, ఎందుకలా జరుగుతుందో విడమరిచి చెప్పింది. ఈసారి అంకమ్మ 'మళ్ళా' అనలేదు.

"సరేగానీ, వాన పడి ఒక్క మూటా రాలేదనుకో. అప్పుడేం చెబుద్ది?"

షమా రెండు చోట్లా సున్నా కొట్టింది.

ప్రోగ్రాం ఆగిపోయింది. తెర నిండా ఎర్రటి అక్షరాలు. సున్నాతో భాగించమంటే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

కోతలకెళ్ళే మనిషి కదా, వాన గుర్తొచ్చి ఉంటుందిలే అనుకుంది షమా. మొత్తం సున్నా అయితే 'ఈ రోజు కోత లేదు' అని చూపించేలా ఇంకో వరుస చేర్చింది.

గుంటూరులో షమా ముగ్గురు న్యాయనిర్ణేతల ముందు నిలబడింది. మధ్యలో కూర్చున్న మేడమ్ చంకలో బిందె ఉందనుకుని మొదలుపెట్టింది.

అంతా విని ఆ మేడమ్ అడిగింది.

"మరి మొత్తం సున్నా ఇస్తే?"

షమా నవ్వింది. "ఇచ్చి చూడండి మేడమ్."

మొదటి బహుమతి కప్పుతో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా బీడు వైపు పరిగెత్తింది. నువ్వడిగిందే అడిగారక్కా అని చెప్పాలి. ఆ రోజన్న మాటకు తప్పైందని కూడా చెప్పాలి.

బీడులో పొయ్యిరాళ్ళే ఉన్నాయి. బుల్లయ్య పట్టాలు మడతపెడుతున్నాడు.

"అంకమ్మక్క ఏది బాబాయ్?"

"కోతలైపోయినయిగా. నిన్ననే ట్రాక్టరెక్కి పోయారు. ఆ అమ్మాయి ఇది నీకిమ్మంది."

యూరియా సంచి ముక్కలో చుట్టిన పాత పుస్తకం. విప్పితే ప్రోగ్రామింగ్ పాఠాలు. పేజీల అంచుల్లో చాలాచోట్ల, చెరిగిపోతున్న పెన్సిల్ రాతలో ఒకే ప్రశ్న: 'సున్నా ఇస్తే?'

షమా వెనక్కి తిప్పుకుంటూ మొదటి పేజీకి వచ్చింది.

గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'జి. అంకమ్మ, బి.ఎస్సీ. కంప్యూటర్స్, రెండో సంవత్సరం.'